రెక్క ట్యాంకులో పెట్రోల్ లీకు: కారేది ఒకచోట, కంత ఇంకోచోట

కేసు ఏంటో ముందు చెప్పేస్తా. ఇద్దరు కూర్చునే కిట్ విమానం, అంటే విడిభాగాలు తెప్పించుకుని మనమే కట్టుకునేది. ఓనరు మర్చంట్ నేవీలో చీఫ్ ఇంజనీరుగా చేసి దిగిపోయిన పెద్దాయన, ఆనందపురం దాటాక సొంత మామిడితోటలో రేకుల షెడ్డు వేసుకుని అందులో కడుతున్నారు. ఇంకా గాల్లోకి లేవలేదు, విమానాలకి అనుమతులిచ్చే డీజీసీఏ కాగితాల పని వేరే నడుస్తోంది, ఇంజన్ బిగించి నేలమీదే తిప్పి చూస్తున్న స్టేజి. ఎడం రెక్క ట్యాంకు కింద పెట్రోల్ మరక వచ్చింది. ముందు వేరే ఎవరినో పిలిపించి పైనుంచి ఎపాక్సీ పుట్టీ పెట్టించారు, కొన్నాళ్ళు ఆగింది, తర్వాత జానెడు అవతల కొత్త మరక మొదలైంది, అప్పుడు నాకు ఫోను. నేను నేవీలో విమానాల ఎయిర్‌ఫ్రేమ్ సైడు పనిచేసి రిటైరయ్యా, ఇప్పుడు గాజువాక ఆటోనగర్లో అల్యూమినియం పని చేసుకుంటున్నా. ఇది మన విశాఖ గాలి వల్ల వచ్చిన లీకు అని నా లెక్క, చలిదేశాల్లో ఎండుగాలిలో కట్టుకునేవాళ్ళు రాసిన పద్ధతుల్లో ఈ సంగతి పెద్దగా తగలదు, అందుకే మొత్తం రాస్తున్నా.

ఈ టైపు విమానంలో ట్యాంకు విడిగా డబ్బాలా ఉండదు, రెక్క ముందుభాగమే ట్యాంకు. 0.8 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు, లోపల వరసగా రిబ్బులనే అడ్డపలకలు (రెండు రిబ్బుల మధ్య ఖాళీని గది అంటా), వెనకాల నిలువుగా ఒక గోడ, దాన్ని బాఫిల్ అంటారు, అన్నీ రివెట్ల మీద నిలబడతాయి. కానీ పెట్రోల్‌ని ఆపేది రివెట్లు కాదండి, రేకుల మధ్య పూసే పాలీసల్ఫైడ్ సీలెంట్. బ్రాండు ఏదైనా అందరూ ప్రోసీల్ అనేస్తారు. తెల్ల పేస్టు పది పాళ్ళు, నల్ల పేస్టు ఒక పాలు, తూకం వేసి కలపాలి, ఆ నల్లదాంట్లో ఉండే మాంగనీస్ డయాక్సైడే దాన్ని గట్టిపరుస్తుంది. ఒకసారి సరిగ్గా పట్టుకుందంటే రబ్బరులా ఉండిపోయి ఏళ్ళ తరబడి పెట్రోల్లో నానినా ఊడదు. చొక్కాకి అంటితే మాత్రం ఆ చొక్కా ఇంక పనికి వేసుకునేదే, ఇంట్లో మాటలు పడాల్సిందే.

మొదటిరోజు ఏమీ విప్పలేదు. పుట్టీ చెక్కేసి, రెక్క కింద అంతా తుడిచి ఆరబెట్టి, అతుకుల వెంబడి టాల్కం పౌడర్ పల్చగా దులిపి వదిలేశా. పౌడర్ మీద తడి చాలా స్పష్టంగా కనపడుతుంది, ఎక్కడ మొదలై ఎటు పాకుతుందో గీత గీసినట్టు ఉంటుంది. ట్యాంకు సగానికి పైగా పెట్రోలుంది, మధ్యాహ్నానికి పౌడర్ తడిసింది, బాడీ వైపు మూల దగ్గర, వెనక అంచున, వరసగా మూడు రివెట్ల చుట్టూ. ఓనరు గారు వెంటనే "అదేనండి మాస్టారూ, ఆ మూడు రివెట్లే, వాటికేదైనా పెట్టేస్తే అయిపోతుంది కదా" అన్నారు. నేను "సార్, అది బయటికొచ్చే గుమ్మం, లోపల దొడ్డిదారి ఎక్కడుందో ఇంకా తెలీదు" అన్నా. పైనుంచి పెట్టింది ఏదైనా పెట్రోల్ దాన్ని లోపల్నుంచి తోస్తూనే ఉంటుంది, అక్కడ మూసుకుంటే రేకుల సందులో పాకి ఇంకోచోట తేలుతుంది, పుట్టీ పెట్టాక జరిగింది అదే. లాక్‌టైట్ 290 అని పల్చటి పచ్చ ద్రవం ఉంటుంది, ట్యాంకుకి లోపల కొంచెం వాక్యూమ్ పెట్టి కారే రివెట్ మీద చుక్క వేస్తే లోపలికి పీల్చుకుని గట్టిపడుతుంది, ఒక్క రివెట్ చెమ్మగిల్లుతుంటే అది మంచి వైద్యమే, నేనూ వాడతా. మూడు రివెట్లు వరసగా తడిశాయంటే మాత్రం రోగం రివెట్‌ది కాదు.

తర్వాత పెట్రోల్ దించడం. ఇక్కడ కొంచెం చాదస్తంగా చెప్తా, ఓపిక పట్టండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం, ఎందుకంటే గాల్లో పెట్రోల్ ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది, ఖాళీ చేసిన ట్యాంకు ఆరుతూ ఆరుతూ ఆ రేంజిలోంచే పోవాలి. ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకుతుంది, షెడ్డు మూలన ఆన్‌లో ఉన్న ఫ్రిజ్ దాకా పోతుంది. అందుకని ఆరుబయట, స్టాటిక్ కరెంటు రవ్వ రాకుండా రెక్కకీ ఇనప డబ్బాకీ మధ్య తీగ కట్టి దించాం, ప్లాస్టిక్ క్యాన్లు దగ్గరికి రానివ్వలేదు. తోటమాలి బీడీ జేబులోంచి తీయకముందే మా అల్లుడు, అంటే మా బామ్మర్ది కొడుకు, నా దగ్గరే పని నేర్చుకుంటున్నాడు, గేటు బయటికి పంపేశాడు. ట్యాంకుని, అంటే ఆ ముందుభాగాన్ని, రెక్క నుంచి విప్పి రెండు మూడు రోజులు మూతలు తీసి నీడలో ఆరబెట్టి, పని మొదలెట్టే ముందు నైట్రోజన్‌తో లోపల ఊదాం. ఇంటి వాక్యూమ్ క్లీనర్ పెట్టి ఆవిరి లాగేద్దామని కొందరికి ఐడియా వస్తుంది, దాని మోటార్లో నిప్పురవ్వలుంటాయి, ఆ పని అస్సలు చెయ్యొద్దు.

ఇంక ప్రెషర్ టెస్టు. దీనికి గేజి అక్కర్లేదు, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపు యూ ఆకారంలో గోడకి కట్టి రంగునీళ్ళు పోస్తే చాలు, అంతకంటే నిజాయితీగా చెప్పే గేజి లేదు. నీళ్ళు 70 సెంటీమీటర్ల తేడాలో నిలబడితే సుమారు 1 పీఎస్ఐ. నేను 50 దగ్గర ఆపేస్తా. అది చిన్న లెక్కలా కనపడుతుంది గానీ చదరపు మీటరుకి 500 కిలోల తోపు, అంటే 30 సెంటీమీటర్ల పలక ఒక్కదాని మీద 45 కిలోలు. కంప్రెసర్ పైపు నేరుగా పెట్టి ట్యాంకుని పూరీలా ఉబ్బించిన వాళ్ళున్నారు, అది మళ్ళీ పాత షేపుకి రాదు. సైకిల్ పంపు చాలు. షాంపూ నీళ్ళు బ్రష్‌తో పూస్తే ఆ మూడు రివెట్ల దగ్గరే బుడగలు వచ్చాయి, పౌడర్ చెప్పిందే చెప్పింది, కొత్త విషయం ఏం లేదు.

అసలు పని దాని తర్వాతది, రివర్స్‌లో ఊదడం. ట్యాంకులో గాలి పెట్టకుండా, బయట లీకొచ్చే రివెట్ల మీద చిన్న రబ్బరు గిన్నె బోర్లించి చుట్టూ మెత్తటి పుట్టీ పెట్టి దాంట్లోకి గాలి పంపాలి. గాలి పెట్రోల్ వచ్చిన దారినే వెనక్కి పోతుంది, లోపల కంత దగ్గర తేలుతుంది. లోపల ముందే షాంపూ నీళ్ళు పూసి ఉంచాలి, బాడీ వైపు చివరి రిబ్బుకి ఒక మూత ఉంటుంది, అది విప్పి పొడుగాటి బ్రష్‌తో అందినంత మేర పూశాం, ఫోనుకి తగిలించే ఎండోస్కోప్ కెమెరా లోపలికి దూర్చాం. మొదటి గదిలో ఏమీ లేదు. అల్లుడు కెమెరా రిబ్బు కన్నంలోంచి రెండో గదిలోకి తోశాడు, కాసేపటికి "మావయ్యా, ఇటు సూడు, పొంగుతోంది" అన్నాడు. రిబ్బూ బాఫిలూ కింది రేకూ మూడూ కలిసే మూల, అక్కడ నల్ల సీలెంట్ అంచు కిందనుంచి సన్న బుడగలు ఒకదాని వెనక ఒకటి. బయట మరకకీ ఈ మూలకీ మధ్య దూరం మూరెడు ఉంటుంది. బాఫిల్ అంచుకీ రేకుకీ మధ్య సందులో అంత దూరం నడిచొచ్చింది పెట్రోల్.

రెండో గదికి చెయ్యి అందదు కాబట్టి బాఫిల్‌కి కన్నం కోయాలి, వేరే దారి లేదు. చెయ్యి పట్టేంత గుండ్రటి కన్నం, గాలితో తిరిగే డ్రిల్లుతో మొదలెట్టి రేకుని కొరికి కోసే చేతి నిబ్లర్‌తో పెద్దది చేసి అంచు నున్నగా అరగదీశాం, రజను లోపల పడకుండా కట్టర్‌కి గ్రీజు దట్టంగా పూశాం. బాఫిల్‌కి కన్నం అనగానే ఓనరు గారి ముఖం మారిపోయింది, పాపం ఆయన చేత్తో కట్టుకున్నది. కోసే ముందు కిట్ వాళ్ళకి రాసి అడగమన్నా, ఏ రిబ్బుల మధ్య కోయొచ్చో డ్రాయింగ్ మీద గీసి పంపించారు. మీరూ అడక్కుండా కోయొద్దు.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ మూల సీలెంట్‌ని వెదురు పుల్లతో (ఇనప స్క్రేపర్ వాడకూడదు, రేకు మీద గీత పడితే అక్కడ పగులు మొదలవుతుంది) అంచున పైకెత్తా. బాగా పట్టుకున్న ప్రోసీల్ అయితే చింపులు చింపులుగా, చెమట పట్టిస్తూ వస్తుంది, రేకు మీద నల్లటి పొర మిగిలిపోతుంది. ఇదేమో రెండు వేళ్ళతో లాగితే అతుకు పొడుగునా ఒకే ముక్కగా లేచి వచ్చేసింది. కింద రేకు తళతళ మెరుస్తోంది, ఒక్క నల్ల చుక్క లేదు. ముక్కని టార్చి వెలుతురులో తిప్పి చూస్తే రేకుకి ఆనిన వైపు అద్దంలా నున్నగా ఉంది. సీలెంట్ తనంతట తాను మెత్తగా, సాగేలా, బ్రహ్మాండంగా గట్టిపడింది. అంటే కలపడంలో తప్పు లేదు, పాళ్ళు సరిపోయాయి, కానీ అది అసలు రేకుని పట్టుకోనే లేదు, పక్కన కూర్చుందంతే.

ఓనరు గారి దగ్గర మంచి అలవాటొకటుంది, ఓడ మనిషి కదా, ప్రతి పనికీ లాగ్‌బుక్కు, ఫోటోలు. రెండో గది, మూడో గది సీల్ చేసిన రోజు ఫోటోలు తీయించా. ఆగస్టు. షెడ్డు తలుపులోంచి వెనక వాన కనపడుతోంది. రేకు దేంతో తుడిచారంటే అసిటోన్‌తో బాగా తడిపి తుడిచి, ఫ్యాను గాలికి ఆరనిచ్చి, తర్వాత సీలెంట్ పూశామన్నారు. చదివినవాళ్ళెవరికైనా ఇది శుభ్రమైన పద్ధతిలాగే ఉంటుంది. కానీ అసిటోన్ ఆరేటప్పుడు రేకులోని వేడిని లాక్కుని ఆరుతుంది, పల్చటి రేకు నాలుగైదు డిగ్రీలు చల్లబడటం పెద్ద కష్టం కాదు. వానాకాలం మనకి 30 డిగ్రీలు, గాల్లో తేమ 80 శాతం మామూలే, ఆ గాలికి 26 డిగ్రీల దగ్గరే చెమ్మ పట్టేస్తుంది. అంటే రేకు నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, కంటికి కనపడని నీటి పొర కూర్చుంటుంది, దాని మీద మనం సీలెంట్ పూస్తున్నాం. ఏసీ కారు దిగగానే కళ్ళజోడు మసకబారుతుంది చూశారా, అదే. మన ఊళ్ళో పెయింటర్లకి ఇది బాగా తెలుసు, ముసురు రోజుల్లో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు కొడితే తెల్లగా బ్లష్ వచ్చేస్తుంది, ఆటోనగర్లో ఏ కుర్రాణ్ణి అడిగినా చెప్తాడు. పెయింటులో అయితే తెల్లగా కనపడుతుంది, సీలెంట్ కింద కనపడదు.

నా మాట నమ్మమని అనలేదు, ఆయనా ఇంజనీరే, ఊరికే నమ్మరు. ట్యాంకు రేకు తుక్కు ముక్కలు తీసుకుని సగం ఆయన పద్ధతిలో అసిటోన్ పెట్టి ఫ్యాను కింద ఆరనిచ్చాం, మిగతా సగం కొంచెం వెచ్చబెట్టి, ద్రావకంతో తుడిచిన వెంటనే, తడి ఆరకముందే, ఇంకో పొడిగుడ్డతో ఒత్తి తుడిచాం. ఒకే కప్పులో కలిపిన సీలెంట్ రెండిటికీ. వారం తర్వాత ఆయన చేతికే ఇచ్చా పీకమని. మొదటి రకం గోటితో లేచింది. రెండోది పట్టకారుతో లాగితే సీలెంట్ మధ్యలో చిరిగింది గానీ రేకుని వదల్లేదు. ఆయన ఏమీ మాట్లాడకుండా లాగ్‌బుక్కు తీసి రాసుకున్నారు.

దాంతో రిపేరు పరిధి కూడా మారిపోయింది. ఒక్క మూల కారుతోంది కాబట్టి ఒక్క మూలే చేసి మూసేద్దామంటే కుదరదు, అదే రోజు అదే పద్ధతిలో పూసిన అతుకులన్నీ అనుమానమే. మూడో గదికి కూడా కన్నం కోశాం. వెదురు పుల్లతో అన్ని అంచులూ గీకి చూస్తే మూడో గదిలో సగం ఊడింది, మొదటి గది మాత్రం వేరే నెలలో చేసింది, రాయిలా ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

మళ్ళీ సీల్ చేయడానికి ఓనరు గారు ఏసీ గదిలో చేద్దామన్నారు. వద్దన్నా. ఏసీలో రేకు చల్లబడి ఉంటుంది, తలుపు తెరవగానే బయటి గాలిలో తేమ దాని మీద కూర్చుంటుంది, పైగా మూసిన గదిలో ఎంఈకే (రేకు తుడిచే ద్రావకం) ఆవిరి మధ్య ఏసీ మోటారు, రెండు విధాలా తప్పు. రేకు ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలి కంటే రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉండాలి, అంతే సూత్రం. పొద్దున్నే చల్లగా ఉంటుంది కదా అని అందరూ తెల్లవారుజామున మొదలెడతారు, మనకి తేమ ఎక్కువుండేదే అప్పుడు. వానలేని రోజు చూసుకుని పది తర్వాత, ట్యాంకుని కాసేపు ఎండలో పెట్టి నీడలోకి తెచ్చి మొదలెట్టాం. తేమ మీటరు ఒకటి బల్ల మీదే పెట్టుకున్నాం. అసిటోన్ బదులు ఎంఈకే, అది కొంచెం నిదానంగా ఆరుతుంది, పొడిగుడ్డతో తుడవడానికి టైము ఇస్తుంది. ముందు మెరూన్ స్కాచ్‌బ్రైట్‌తో రుద్ది, తర్వాత తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ, గుడ్డ మీద నలుపు రానంతవరకూ మళ్ళీ మళ్ళీ. పాత గుడ్డ మళ్ళీ ముంచితే మురికి తిరిగి రేకుకే పడుతుంది, అందుకే కొత్త పంచె ఒకటి ముక్కలు చేసి పెట్టుకున్నాం.

సీలెంట్ బీ-2 రకం. బీ అంటే చిక్కటిది, 2 అంటే రెండు గంటల పనికాలం, కానీ ఆ రెండు గంటలు 25 డిగ్రీలు, 50 శాతం తేమ దగ్గర. అయిదారు డిగ్రీలు పెరిగితే పనికాలం సగమైపోతుంది, తేమ దాన్ని ఇంకా తగ్గిస్తుంది, మన దగ్గర అరగంటకే తీగ సాగడం మొదలెడుతుంది, తీగ సాగిందంటే ఇంక అది రేకుని తడపదు, పారేయాలి. అందుకే ఒకేసారి పెద్ద డబ్బా కలపకూడదు, 30 గ్రాముల చొప్పున కలిపాం. తూకానికి కురుపాం మార్కెట్లో బంగారం పనివాళ్ళు వాడే చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ తెచ్చా, మూడు గ్రాముల నల్ల పేస్టు వంటింటి తక్కెడ మీద సరిగ్గా తూగదు. ఒకరు కలపడం ఒకరు పూయడం, అల్లుడు కలిపాడు. ముందు పల్చగా గట్టి బ్రష్‌తో రేకులోకి రుద్ది పట్టించి, దాని మీద లావు పట్టీ వేసి, ఐస్‌క్రీం పుల్లతో మూల గుండ్రంగా నొక్కుకుంటూ పోయా. ఆ రుద్దే పొర చాలామంది వేయరు, గొట్టంతో నేరుగా పట్టీ వేసేస్తారు, చూడ్డానికి అందంగా ఉంటుంది, కింద గాలి ఉండిపోతుంది.

కన్నాలకి అదే మందం రేకు బిళ్ళలు, చుట్టూ రెండు సెంటీమీటర్లు ఎక్కువుండేలా కోసి, సీలెంట్ పూసి, మూసి ఉన్న చివర గల బ్లైండ్ రివెట్లతో బిగించాం, ప్రతి రివెట్‌నీ సీలెంట్లో ముంచి. మామూలు పాప్ రివెట్ వాడితే మధ్య కన్నంలోంచే కారుతుంది, షాపువాడు రెండూ ఒకటే అంటాడు, కాదు.

వారం ఆగి మళ్ళీ 50 సెంటీమీటర్లకి గాలి పెట్టి వదిలేశా, నేను ఇంటికి వచ్చేశా. సాయంత్రం ఓనరు గారి ఫోను, గొంతు దిగిపోయింది, "ఏటి మాస్టారూ, ఏడు సెంటీమీటర్లు పడిపోయింది, మళ్ళీ లీకేనా" అని. థర్మామీటర్ ఎంత చూపిస్తోందని అడిగా. పెట్టినప్పటి కంటే రెండు డిగ్రీలు తక్కువ. మూసిన ట్యాంకులో గాలి ఒక్క డిగ్రీ చల్లబడితే నీళ్ళు దాదాపు మూడున్నర సెంటీమీటర్లు పడతాయి, రెండు డిగ్రీలకి ఏడు, లెక్క సరిపోయింది. రేపు పొద్దున్న ఇదే టెంపరేచర్ వచ్చినప్పుడు చూడండి సార్ అన్నా. చూశారు, 50కి ఒక సెంటీమీటరు అటూ ఇటూ నిలబడింది. ఆ సెంటీమీటరు కూడా బయటి వాతావరణ పీడనం వల్లే, అది రోజూ పొద్దున పదికి పెరిగి సాయంత్రం నాలుక్కి తగ్గుతుంది. యూ పైపు బదులు ట్యాంకుకి బెలూన్ కట్టి చూసేవాళ్ళు ఊరికే కంగారు పడేది, ఊరికే సంతోషపడేది కూడా ఇందుకే, పక్కన థర్మామీటర్ లేకపోతే ఆ టెస్టుకి అర్థం లేదు.

గాలి తర్వాత పెట్రోల్. కొంచెం పోసి ట్యాంకుని ఒక్కో అంచు మీద నిలబెట్టి, ప్రతి పక్కా కొన్ని గంటలు నానేలా తిప్పుతూ, అతుకుల మీద పౌడర్ చల్లి చూశాం. పొడిగానే ఉంది. మధ్యలో ఇంకో విషయం తగిలింది. ఆయన బంకు పెట్రోలే వాడుతున్నారు, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది, ఆయన ఇంజన్ రోటాక్స్ 912, దానికి కంపెనీ ఒప్పుకునేది 10 శాతం వరకే. గాజు కొలగొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్ళు, 90 మిల్లీలీటర్ల పెట్రోల్ పోసి కుదిపి పెట్టి చూపించా, కింద నీళ్ళ గీత 28 దగ్గరికి లేచింది, ఆ పెరిగిందంతా ఇథనాలే. ఈ లీకుకి ఇథనాల్ కారణం కాదు, సీలెంట్ చెక్కుచెదరలేదు. కానీ అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, షెడ్డులో నెలల తరబడి ట్యాంకులో ఉంచేస్తే అడుగున నీళ్ళు విడిపోతాయి, పైగా చివరి రిబ్బు మూత కింద కార్క్ గాస్కెట్ మెత్తబడి ఉబ్బి ఉంది, దాన్ని తీసేసి సీలెంట్‌తోనే మూత బిగించాం. ఇంజన్‌కి ఏ ఇంధనం అనేది ఆయన ఇంజన్ వాళ్ళతో మాట్లాడుతున్నారు, అప్పటిదాకా ట్యాంకులు ఖాళీగా ఉంచమన్నా.

ట్యాంకు బిగించాక ఓనరు గారు అడిగింది కుడి రెక్క సంగతి, దాన్నీ కోసి చూద్దామా అని. లాగ్‌బుక్కులో కుడి ట్యాంకు జనవరిలో సీల్ చేసినట్టుంది, పొడి రోజులు. మూత విప్పి చెయ్యి అందిన మూలల్లో వెదురు పుల్ల పెట్టి చూశా, చిరిగింది గానీ ఊడలేదు, రేకు మీద నలుపు మిగిలింది. గాలి పెట్టి రెండు రోజులు చూశాం, నిలబడింది. దాన్ని కోయలేదు. ఇంజన్ తిప్పిన ప్రతిసారీ రెండు రెక్కల కిందా వెనక అంచు వెంబడి తుడిచి పౌడర్ చల్లి మర్నాడు చూడమని చెప్పి, ఎడం బాఫిల్ బిళ్ళల ఫోటోలు, సీలెంట్ డబ్బా బ్యాచ్ నంబరు, ఆరోజు టెంపరేచరు, తేమ అన్నీ లాగ్‌బుక్కులో ఎక్కించి వచ్చేశా.